లోడుకో ఫొటో

"ఫోన్లన్నీ బల్ల మీద పెట్టుండ్రి. ఒక్కడు గూడ కదలొద్దు."

పురుషోత్తం షట్టరు దించేశాడు. గౌలిపుర వెనక సందులో రేకుల షెడ్డు అది. లోపల ఐదుగురు టిప్పర్ డ్రైవర్లు. మిట్టమధ్యాహ్నం. నెత్తిమీద రేకులు పెనంలా కాలుతున్నాయి. గాలి ఆడదు.

పాతబస్తీలో ఇల్లు కూల్చినప్పుడల్లా ఆ మలబా, అంటే విరిగిన ఇటుకలూ మట్టీ, ఎత్తేది పురుషోత్తం టిప్పర్లే. పోసేది చెరువులో. దొంగపని కదా, చీటీలుండవు. డ్రైవర్లు సగం దారిలో ఎక్కడో దులిపేసి వస్తారని అతని అనుమానం. అందుకే ఒక రూలు పెట్టాడు. బండి నంబరు ప్లేటుకు బురద పూయాలి. లోడు పోశాక ఫొటో కొట్టి నంబరుకు పంపాలి. కొత్తవాళ్లకు అంతకుమించి చెప్పే ఓపిక అతనికి లేదు.

మూడు వారాలుగా అచ్చం అలాంటి ఫొటోలే, తేదీతో, చోటుతో సహా, చెరువుల ఆఫీసుకు చేరుతున్నాయి. బండ్ల రంగు చూసి, ఆ ఫొటోలతో సహా నిన్న పురుషోత్తానికి నోటీసిచ్చారు. ప్లేట్ల మీద బురద ఉండటంతో వాటిలో ఉన్నది ఏ డ్రైవరు బండో మాత్రం అతనికీ తెలియలేదు.

"ఇంటి దొంగను ఈశ్వరుడు గూడ పట్టలేడంటరు. నేను పడత సూడుండ్రి."

ఫోన్లు ఒక్కొక్కటే వెతికాడు. నగేష్ ఫోన్ దగ్గర ఆగిపోయాడు. నిండా చెరువు ఫొటోలే. కొంగలు, నీటికోళ్లు.

"ఇవేందిరా?"

"పిట్టలన్నా. మా నాయనమ్మ బర్రెలను గా చెర్లనే కడిగేది. యాదికి తీసుకున్న. ఎవ్వలికీ పంపలే, ఒట్టు."

నిజమే. పంపాలని నూరుసార్లు అనుకున్నాడు. నొక్కబోయిన ప్రతిసారీ ఏడో నెల కడుపుతో ఉన్న భార్య రూప కళ్లముందు మెదిలేది. వేలు వెనక్కి వచ్చేది. ఛీ, పంపి దొరికినా బాగుండేది! పిరికివాడికి ధైర్యవంతుడి శిక్ష పడబోతోంది. నగేష్‌కు ఏడుపొచ్చింది.

ఇక మిగిలింది ఎల్లప్ప ఫోన్. పురుషోత్తం దాన్ని ముట్టుకోనైనా ముట్టుకోలేదు.

"ఈ ముసలోని ఫోన్ల ఏముంటది? చేరినకాడి నుంచి నాకు ఒక్క ఫొటో రాలే. నమ్మకస్తుడని ఊకున్న."

ఎల్లప్ప నొచ్చుకున్నాడు. "రాకపోవుడేంది సార్? లోడు లోడుకు పంపుతున్న. మీరు గూడ తిరిగి దండం బొమ్మ పెడుతుండ్రు గద!"

"నేను నీకు దండం పెట్టుడేందిరా, పిచ్చోడా!"

అంత భయంలోనూ అందరూ పకపకా నవ్వారు.

నవ్వు ఆగాక పురుషోత్తం నగేష్ వైపు తిరిగాడు. "నీ ఫోన్ నా జేబుల ఉంటది. నువ్వు ఈడనే ఉంటవ్. పొద్దుగూకేలోపు ఆ ఆఫీసుకు ఇంకో ఫొటో పోయిందనుకో, నువ్వు కాదు. పోలేదనుకో, నువ్వే. కాళ్లు ఇరుగుతయ్. ఆడ మనోడున్నడు, నాకు ఖబర్ జేస్తడు."

తర్వాత తాళాలు విసిరాడు. "ఎల్లప్పా, లోడు నువ్వొక్కనివే కొట్టుకపో. మిగిలినోళ్లు గడప దాటొద్దు."

నగేష్ ఎల్లప్ప చేతిలోని తాళాల వంక చూశాడు. ఫోన్ పట్టడమే రాని మనిషి పోతే ఫొటో ఎక్కడినుంచి పోతుంది? అయిపోయింది. ఇంక తప్పించుకునే దారి లేదు.

ఎల్లప్ప అతని భుజం తట్టాడు. "ఫికర్ జెయ్యకు బిడ్డా. గిట్ల పోయి గట్ల వస్త."

షట్టరు లేచి, మళ్లీ పడింది.

చెరువు గట్టు మీద ఎల్లప్ప లోడు పోశాడు. కళ్లు చికిలించి, టిప్పరు మొత్తం వచ్చేలా శ్రద్ధగా ఫొటో కొట్టాడు. ఎప్పటిలాగే పంపాడు. వెంటనే దండం బొమ్మ వచ్చింది. ఎల్లప్ప కూడా ఫోనుకు ఒక దండం పెట్టి బండెక్కాడు.

అంకెలు తప్ప అక్షరాలు రాని ఎల్లప్ప, టిప్పరు బొమ్మ చూసి పురుషోత్తం సారే పెట్టించాడనుకుని మొదటిరోజే నంబరు ఎక్కించుకున్న ఆ గట్టు మీది బోర్డులో, బొమ్మ కింద ఇలా రాసి ఉంది: "చెరువును కాపాడండి, ఇక్కడ మలబా పోసేవారి ఫొటో ఈ నంబరుకు పంపండి."