దుబాయి జైలు లింకు

“పేజీ దొరకలేదనే వస్తుంది బాపూ,” అంది ఇంటర్నెట్ సెంటర్ నవత. ఇంకో బ్రౌజర్ తెరిచి, కాగితం చూస్తూ లింకంతా మళ్లీ టైపు చేసింది. అదే జవాబు.

దుబాయి జైల్లో ఉన్న కొడుకుతో ముత్తయ్య దంపతులు వీడియోలో మాట్లాడే సమయం దాటిపోతోంది. నెలకు ఒక్కసారే ఆ అవకాశం. లింకు ప్రింటు తీసిచ్చిన వకీలు ఫోన్ ఎత్తడం లేదు.

“జర మంచిగ చూడు బిడ్డా,” అన్నాడు ముత్తయ్య. “కాయితం నలుగుతదని లామినేషన్ చేయించిన. అంచులు వంకరున్నయని నేనే కత్తెరతోని సాపు చేసిన.”

“తన గడ్డం సుత గంత సాపుగ గీసుకోడు,” అంది భార్య ఐలవ్వ.

నవత నవ్వలేదు. కాగితం కుడి అంచున చివరి అక్షరం సగానికి తెగి ఉంది. దాని తర్వాత ఇంకెన్ని పోయాయో తెలియదు.

ఐలవ్వ కూడా ఆ అంచును చూసింది.

“ఏమైంది?” అన్నాడు ముత్తయ్య.

నవత నోరు తెరిచేలోపే ఐలవ్వ కాగితాన్ని సంచిలో పెట్టేసింది. “ఏం కాలే. దుబాయిలనే నెట్టు లేదట. అంతే గద బిడ్డా?”

“అంతే అవ్వా.”

“మన తప్పేం లేదు గద?” అన్నాడు ముత్తయ్య.

“మనదేముంది,” అంది ఐలవ్వ. కానీ తెర ముందు నుంచి లేవలేదు.