నాలుగు చేతుల ప్రెస్సు

నాలుగు పచ్చ బటన్ల మీద నాలుగు అరచేతులు ఉన్నాయి. ప్రెస్సు మాత్రం దిగడం లేదు.

"మళ్ళీ నొక్కండి!" అని అరిచాను. ఇద్దరి చెవుల మీదా మోత తగలకుండా ఇవాళ పొద్దునే కొత్తగా నేనిచ్చిన మఫ్‌లు ఉన్నాయి. మామూలుగా చెబితే వినపడదు.

మళ్ళీ నొక్కారు. ఎర్ర దీపం వెలిగి, నన్ను వెక్కిరించి, ఆరిపోయింది.

ఈ షెడ్డులో యంత్రాల భద్రత నా బాధ్యత. అందరూ నన్ను సేఫ్టీ బాబు అంటారు. ఏ మిషను ఎవరి వేలు కొరికినా ముందు నా పీక పట్టుకుంటారు.

ఇది పెద్ద ప్రెస్సు. రేకును అచ్చులో పెట్టే మనిషి ఒక పక్క, తీసే మనిషి రెండో పక్క. ఇద్దరూ రెండేసి చేతులతో, అరసెకను తేడా రాకుండా నొక్కితేనే దిగుతుంది. చేతులన్నీ బటన్ల మీదే ఉంటే అచ్చు కింద ఏ చెయ్యీ ఉండదు కదా. చట్టం చెప్పేదీ అదే.

అటు పెద్దకోడలు, ఇటు చిన్నకోడలు. ఒకే ఇంటి తోడికోడళ్ళు.

ఇల్లు పంచుకుని మధ్యలో గోడ కట్టుకున్నప్పటి నుంచి ఇద్దరికీ మాటల్లేవు. ఏళ్ళయింది. రేకులు అయిపోయాయని చెప్పాలన్నా నా చేత రాయబారం నడిపిస్తారు.

కానీ ఈ ప్రెస్సు మీద వాళ్ళని మించిన జోడీ లేదు. లెక్కపెట్టుకోరు, సైగ చేసుకోరు. అచ్చు తెరుచుకున్నప్పుడు అవతలి మొహం ఎదురుగా కనిపిస్తుంది, అయినా చూసుకోరు. వంచిన తలలు వంచినట్టే ఉంటాయి. ప్రెస్సు దిగుతూనే ఉంటుంది.

అదంతా నిన్నటిదాకా.

పొద్దుటి నుంచి వైర్లన్నీ చూశాను. బటన్లు విప్పి దులిపాను. నేనూ ఫిట్టరూ చెరో పక్క నిలబడి, "ఒకటి, రెండు, మూడు" అని గొంతు చించుకుని నొక్కితే బుద్ధిగా దిగింది. వాళ్ళిద్దరూ నొక్కితే మళ్ళీ ఎర్ర దీపం.

నాకేమీ అంతుపట్టలేదు. మిషను కూడా మొహాలు చూసి పని చేస్తుందా?

సూపర్‌వైజరు వచ్చాడు. ఆయన మాటలు వినడానికి ఇద్దరూ మఫ్‌లు మెడలోకి జార్చుకున్నారు.

"ఆ అరసెకనును రెండు సెకన్లు చేసి పారెయ్యవయ్యా. ఎవడు చూడొచ్చాడు?"

"నేను చూస్తాను కదా సార్."

ఆయనకి ఒళ్ళు మండింది. "అయితే విను. మధ్యాహ్నంలోపు ఇది నడవకపోతే చిన్నకోడలిని ఊరవతల షెడ్డుకి పంపించేస్తాను. ఎలాగూ పడని మనుషులు. ఇద్దరికీ పీడ వదులుతుంది."

ఇద్దరూ సంబరపడతారనుకున్నాను.

చిన్నకోడలి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "నేను పోనండీ," అంది.

పెద్దకోడలు నా వైపు తిరిగింది. "మిషను బాగు చెయ్యి బాబూ. మధ్యలో మనుషుల్ని మార్చడమేంటి?"

బుర్ర పూర్తిగా తిరిగిపోయింది. ఇన్నాళ్ళూ నేను చూసిన పోట్లాట ఇదేనా?

"సరే, ఇంకొక్కసారి," అన్నాను.

మఫ్‌లు మెడలోనే ఉన్నాయి. అలాగే బటన్ల మీద చేతులు వేశారు.

ప్రెస్సు ధనామని దిగింది.

నేను ఉలిక్కిపడ్డాను. మఫ్‌లు పెట్టించి నొక్కించాను. ఎర్ర దీపం. తీయించాను. దిగింది. చెవులకీ బటన్లకీ ఏం చుట్టరికమో నాకు తోచలేదు.

పెద్దకోడలి పక్కన చెవి ఒగ్గి నిలబడ్డాను. అప్పుడు వినపడింది. నొక్కే ముందు, నోరు తెరవకుండా, గొంతులోనే చిన్నగా ఒక "ఊఁ".

"ఏమన్నారమ్మా?"

"నేనా? నేనేమన్నాను?"

"ఊఁ అన్నారు."

"నేనెందుకంటాను? ఆవిడతో నాకు మాటల్లేవుగా."

ఆమె అబద్ధమాడటం లేదు. నాకెంత అయోమయంగా ఉందో ఆమెకీ అంతే ఉంది.

"అంటుంది బాబూ," అంది అవతలి నుంచి చిన్నకోడలు. "రోజూ అంటుంది, ప్రతి రేకుకీ అంటుంది. అక్క ఊఁ అంటేనే నేను నొక్కుతాను."

పెద్దకోడలు బటన్ల మీంచి చేతులు తీసేసింది. మొహమంతా ఎర్రబడింది. అవసరం లేకపోయినా కొంగు సర్దుకుంది.

నాకు జాలేసింది. కానీ ఈ మోతలో చెవులు పోవడానికి ఎన్నాళ్ళో పట్టదు. మఫ్‌లు తియ్యండని నేను చెప్పలేను.

"మరెలా?" అంది పెద్దకోడలు నెమ్మదిగా.

"ఇక ఊఁ వినపడదమ్మా. మీరు ఆవిడని చూసి తల ఊపాలి. ఆవిడ మిమ్మల్ని చూసి నొక్కాలి."

"ప్రతిసారీనా?"

"ప్రతిసారీ."

సూపర్‌వైజరు గడియారం చూసుకున్నాడు.

ఇద్దరూ మఫ్‌లు పెట్టుకున్నారు. పెద్దకోడలు అరచేతులు బటన్ల మీద ఆనించింది. బటన్లని చూసింది. రేకు అంచుని చూసింది. అచ్చుని చూసింది. ఆమె ఏం చేస్తుందో నాకు అర్థం కాలేదు.

చివరికి తలెత్తింది.

చిన్నకోడలు అప్పటికే ఆమెని చూస్తూ ఉంది.