మెట్ల కింది మెయిన్

మరమగ్గాల వాడ నార్పోలిలో మగ్గాలన్నీ ఒక్కసారిగా ఆగాయి. పొద్దున పదింటికి పోయిన కరెంటు ఒంటిగంటకు గాని రాదు.

ఆ వేళ చూసుకుని ఓదెలు కొత్త సాకెట్ కొని తెచ్చాడు. మగ్గాల షెడ్డు మీద తాముండే ఒంటిగది ఖోలీలో, గోడకున్న పాతది కాలి నల్లబడింది.

"కింద మెయిన్ బంద్ జేసి రారాదు?" అంది భార్య వనిత.

"కరెంటే లేకపాయె. ఇంక బంద్ జేసేదేంది?"

"మెయిన్ దించి రా, బిడ్డా."

మాట గుమ్మం బయటి నుంచి వచ్చింది. సాకెట్ కొన్న దుకాణం దగ్గర నుంచి వెంట వచ్చిన ఎవరో ముసలాయన. లోపలికి అడుగుపెట్టలేదు, గోడ వైపు చూడనూ లేదు.

"నువ్వెవరే పెద్దమనిషీ, లైన్‌మన్‌వా?"

ముసలాయన మెట్లు దిగిన చప్పుడు వినిపించింది.

ఓదెలు సాకెట్ ఊడదీసి, రాగితీగల కొనలను వట్టి వేళ్లతో మెలిపెట్టసాగాడు.

పన్నెండు కూడా కాలేదు. ఎదుటి షెడ్డులో మగ్గాలు దడదడలాడాయి. తమ షెడ్డు మూగగానే ఉంది.

"అరే, ఎవడురా మెయిన్ దించింది?" కింద మగ్గాలు చూసుకునే జాబర్ మల్లన్న కేక వేశాడు.

ఓదెలు తీగలు వదిలి మెట్ల మీదికి వచ్చాడు.

షెడ్డుకూ ఖోలీలకూ కలిపి మెట్ల కింద మెయిన్ ఒకటే. దానికి వీపు ఆనించి ముసలాయన కూర్చున్నాడు. మెయిన్ దించి, ఫ్యూజు పీకి పిడికిట్లో పట్టుకున్నాడు.

"ఇయ్యి తాతా. మగ్గం ఆగితే మేమేం తినాలె? గా ఫ్యూజా?" చుట్టూ చేరిన మగ్గం కూలీల్లో ఒకడు చెయ్యి చాచాడు.

"పైన పిలగాడు తీగె పట్టుకున్నడు. జర ఆగుండ్రి."

"దిమాగ్ ఖరాబైంది ముసలోనికి." మల్లన్న ముసలాయనను భుజం పట్టి లేపాడు.

అందరూ నవ్వారు. ఓదెలు కూడా నవ్వాడు. పైన పిలగాడన్నది తన గురించేనని అతనికి తట్టలేదు.

ముసలాయన తలెత్తి ఓదెలును చూశాడు. అతని రెండు చేతులూ చూశాడు. అప్పుడు పిడికిలి తనంతట తానే విప్పాడు. గల్లీలోకి నడిచాడు.

మల్లన్న ఫ్యూజు పెట్టి మెయిన్ ఎత్తాడు.

ఓదెలు పైకి వెళ్లి తీగకు టెస్టర్ ఆనించాడు. ఎర్రగా వెలిగింది. ఎదుటి మగ్గాలు లేచినప్పుడు ఆ కొన అతని వేళ్ల మధ్యే ఉంది.

పరుగున గల్లీలోకి వచ్చాడు. ముసలాయన లేడు. మలుపులో నీళ్లబిందెతో పెంటవ్వ ఎదురైంది. ఇరవై ఏళ్లుగా ఆ వాడలోనే ఉంటున్న మనిషి.

"అవ్వా, గిటు ఒక ముసలాయన పోయిండా?"

"కనకయ్యనా? టెంపో ఎక్కిండు. మల్లన్న కంటె ముందు ఈ షెడ్డుకు జాబర్ ఆయననే గదా."

"అప్పుడు ఆయన ఉన్నదెక్కడ?"

"నీ ఖోలీలనే." పెంటవ్వ బిందె కిందికి దించింది. "గా గోడకు సాకెట్ మారుస్తాంటెనే ఆయన కొడుకు పాణం పోయింది. మెయిన్ దించినంకనే పని పట్టిండు పిలగాడు. ఎదుటి మగ్గాల చప్పుడు విని, ఎవడురా దించిందని తిట్టుకుంట మెయిన్ మళ్ల ఎత్తింది కనకయ్యనే."