ఎవరి ప్రోగ్రాము?

ఈ వయసులో కంప్యూటర్ సైన్సా అని ఇకిలించినవాళ్లందరి మీదా, ముఖ్యంగా మా బావమరిది మీద, కసితో డిగ్రీలో చేరాను. మనవరాలిదీ అదే క్లాసు.

ల్యాబులో మాస్టారు మా ఇద్దరి ప్రోగ్రాములూ పక్కపక్కన పెట్టారు.

"అక్షరం పొల్లుపోలేదు. కాపీ కొట్టినవాళ్లకి సున్నా. ఎవరు?"

మనవరాలి మొహం పాలిపోయింది. ఆ సున్నా పడితే దాని ఏడాది పోతుంది.

"నేనేనండీ," అన్నాను. "ముసలి బుర్ర, ఎక్కి చావలేదు."

మాస్టారు స్క్రీన్ మీద వేలు పెట్టారు. "మొదటి లైనే ‘బావమరిది = 0’. పేర్లు రాసేవాళ్ల ఇష్టం, కాదనను. కానీ ఆడపిల్లకి బావమరిది ఎక్కణ్నుంచి వస్తాడండీ?"

క్లాసంతా గొల్లుమంది. నవ్వాపుకోలేక మాస్టారు, "రేపు ఇద్దరూ నా ఎదురుగా మళ్లీ రాయండి," అన్నారు.

బయటికి రాగానే మనవరాలు నా మోచెయ్యి పట్టుకుంది.

"ఈసారి ఇద్దరికీ సరిపడే చుట్టాన్ని తిట్టు తాతయ్యా!"