ఎవరూ అడగని బొమ్మ

"ఇవాళ్టితో మానేస్తున్నా నీహారికా. ఇక నా వల్ల కాదు."

ప్రేమ్ కిరణ్ చేతిలోని బొమ్మను విసురుగా ఆమె ఒళ్లో పడేశాడు. తన ఇంటి వరండాలో కూర్చున్న నీహారిక కాగితాన్ని మడత పడకుండా పట్టుకుంది. ముఖం మాత్రం గేటు వైపే ఉంది.

ఇద్దరూ తిరువూరు బస్టాండు దగ్గర ఫ్లెక్సు షాపులో డిజైనర్లుగా కలిసి పనిచేసినవాళ్లు. ఫ్లెక్సు డిజైనరంటే ఏముంది! పుట్టినరోజుకి బెలూన్లు, పోయినవాళ్లకి పూలదండ. తలకాయ మార్చు, పేరు మార్చు. ఇలాగే ఉంటే చెయ్యి మొద్దుబారిపోతుందని భయపడింది నీహారికే. రోజూ షట్టరు ఎత్తేలోపు, ఎవరూ ఆర్డరివ్వని బొమ్మ ఒకటి వెయ్యాలని ఒట్టు పెట్టించిందీ ఆమే. అప్పట్లో అతని బొమ్మ చూడగానే చీల్చి చెండాడేది. "ఆ పసుపేంటి, పచ్చకామెర్లా?" అనేది. ఆ తిట్ల కోసమే అతను పొద్దున్నే లేచేవాడు.

కిందటి వేసవిలో ఆమె షాపు మానేసి పెనుగొలనులో తల్లి దగ్గరికి వెళ్లిపోయింది. ఏదో పెద్ద కంపెనీకి ఇంటి నుంచే పని అంది. అప్పటి నుంచీ అతను ఫోన్లో బొమ్మ పంపగానే కాల్ చేస్తుంది. "ముందు ఏం వేశావో చెప్పు. చెప్పడం రానివాడు డిజైనరే కాదు. తర్వాత చూస్తాలే" అంటుంది. గుచ్చి గుచ్చి అడుగుతుంది. రంగుల మీద ఒక్క తిట్టు లేదు.

"ఏం వేశావు?" అంది ఇప్పుడు కూడా.

"నీ ఒళ్లోనే ఉందిగా!"

"చెప్పొచ్చుగా."

అతనికి ఒళ్లు మండిపోయింది. "తలొంచి చూడ్డానికి కూడా తీరిక లేదా? పెద్ద కంపెనీ కదా, బస్టాండు బొమ్మలు నీ కంటికేం ఆనతాయి!"

ఆమె పెదవి కొరుక్కుంది. "మానొద్దు కిరణ్. నీ కాళ్లు పట్టుకుంటా."

"ఎవరి కోసం వెయ్యాలి? ఓనరు నవ్వుతాడు. ఇంట్లో, ఇదేమన్నా కూడు పెడుతుందా అంటారు. చూసేది నువ్వొక్కదానివి. నువ్వూ చూడట్లేదు. చచ్చినా ఇక బ్రష్షు పట్టను!"

అతను గబగబా మెట్లు దిగాడు. వెనక నుంచి ఆమె అరిచింది.

"మొన్న వేస్తానన్న మామిడితోటా కిరణ్? అదొక్కటీ చెప్పి వెళ్లు!"

అతను తిరగలేదు. బండి స్టార్టు చేస్తుంటే నీహారిక తల్లి ప్రమీలారాణి పరుగున వచ్చి హ్యాండిలు పట్టుకుంది. ఏడుస్తోంది.

"దానికి ఏ ఉద్యోగమూ లేదు బాబూ. నీకు చెప్పొద్దని నా చేత ప్రమాణం చేయించుకుంది. బొమ్మలు మాత్రం ఆపకు."

"మీ అమ్మాయికి నా బొమ్మలెందుకండీ? ఒక్కటీ చూడదు."

"చూపు పోయింది నాయనా, నువ్వు చెప్తేనే దానికి కనపడేది."