నూరేళ్ల ఇత్తడి

ఆ కొండ రైల్లో ఉన్న పాత ఇత్తడినంతా పదేళ్లలో ముక్క ముక్కగా అమ్మేశాడు ఫిట్టరు.

దీపం, గంట, ఆవిరి మీటరు, పెట్టెల తలుపులకున్న పిడులు, ఆఖరికి ఇంజను నంబరు పలక కూడా. ఏది విప్పినా దాని స్థానంలో అచ్చం అలాంటిదే తనే పోత పోసి, యాసిడ్‌తో కడిగి, మసి పూసి బిగించేవాడు. కొనే ఆసామి ఎవరో, ఎలా ఉంటాడో అతనికి తెలియదు. ఉత్తరం వచ్చేది, పార్సిల్ వెళ్లేది. అంతే.

విజిల్ ఒక్కటే మిగిలింది. అడుగుతూ ఎన్ని ఉత్తరాలొచ్చినా దాన్ని ముట్టుకోకపోవడానికి కారణం నీతి కాదు, పిల్లనిచ్చిన మామగారు. ఇంజను డ్రైవరు ఆయనే. ముప్పై ఏళ్లుగా ఆ కూత వింటున్న మనిషి. ఇంట్లో అత్తగారు పది కేకలు వేసినా ఆయనకు వినిపించదు గానీ, ఆ కూతలో వీసమెత్తు తేడా వచ్చినా పట్టేస్తాడు.

అంతలో పురాతన వస్తువుల నిపుణుడొకాయన ఊడిపడ్డాడు. ఈ రైలుకు వారసత్వ గుర్తింపు రావాలంటే ప్రతి భాగమూ అసలుదేనని ఆయన రాసివ్వాలట. నడిచే రైల్లోనే తనిఖీ. ఫిట్టరు వెంట ఉండాలని పై నుంచి ఉత్తర్వు.

రైలు అడవిలోకి ప్రవేశించింది. ప్రయాణికులు మలుపు మలుపుకీ లోయను చూసి కేరింతలు కొడుతున్నారు. నిటారుగా నిలబడ్డ దేవదారు చెట్లు ఫిట్టరుకు మాత్రం జైలు ఊచల్లా కనిపిస్తున్నాయి.

మొదటి సొరంగం దాటాక నిపుణుడు తలుపు పిడి మీద భూతద్దం పెట్టాడు. వేలితో మీటి, చెవి ఆనించి విన్నాడు.

"ఆహా! ఏం పనితనమయ్యా! ఈ కాలం వాళ్లు ఏడు జన్మలెత్తినా ఇలా చెయ్యలేరు."

అది పోత పోసి రెండు నెలలైంది. బతికిపోయానన్న సంతోషంతో పాటు, తన పేరు చెప్పుకోలేకపోయానే అన్న బాధ కూడా కలిగింది ఫిట్టరుకు.

ఇంజనుకు నీళ్లు పట్టే స్టేషన్లో గంట, దీపం, పలక చూశాడు నిపుణుడు. మూడింటికీ 'అసలు' అని రాసుకున్నాడు. కొండపై చివరి స్టేషన్లో ఇంజను ఎక్కి మీటరును మెచ్చుకున్నాడు. తర్వాత విజిల్ దగ్గర ఆగి మొహం చిట్లించాడు.

"ఇది నకిలీ."

మామగారికి చర్రుమంది. "నకిలీ ఏంటండీ! నేను ఉద్యోగంలో చేరిన రోజు నుంచీ ఇదే విజిలు, ఇదే కూత!"

"మీ చెవులు చెప్పింది రాయడానికి నా ఫారంలో గడి లేదండీ."

"అల్లుడూ, నువ్వైనా చెప్పవయ్యా! విప్పేదీ బిగించేదీ నువ్వే కదా!"

ఫిట్టరు లెక్కేసుకున్నాడు. విజిల్ అసలుదంటే నిపుణుడి చూపు తప్పని అర్థం. చూపు తప్పయితే మిగతావన్నీ మళ్లీ పరీక్షకు వెళతాయి.

"సారు అంతటివారు చెప్పాక ఇంకేముంది మామయ్యా... నకిలీదే అయ్యుంటుంది."

మామగారు అతని వంక ఒక్కసారి చూసి, ఇంజను దిగి వెళ్లిపోయాడు. ఆ చూపు కంటే జైలే నయమనిపించింది ఫిట్టరుకు.

ఆవిరి కట్టేసి, తన చేతులతోనే విజిల్ విప్పి ఇచ్చాడు. నిపుణుడు దాన్ని గుడ్డలో చుట్టి సంచిలో పెట్టుకున్నాడు. "ఇది సాక్ష్యంగా నా దగ్గరే ఉంటుంది. మిగతా రైలంతా నిఖార్సు. గుర్తింపు వచ్చినట్టే!" అన్నాడు. స్టేషను సిబ్బంది చప్పట్లు కొట్టారు.

ఫిట్టరు ఆ సంచి మోసుకుంటూ బయట ఆయన కోసం వచ్చిన కారు దాకా వెళ్లాడు. కారెక్కిన నిపుణుడికి దాన్ని అందిస్తూ, "మీ మేలు ఈ జన్మలో మర్చిపోను సార్!" అన్నాడు.

నిపుణుడు సంచి ఒళ్లో పెట్టుకుని, గొంతు తగ్గించి అన్నాడు:

"మనలో మనకి మేలేంటండీ? మీరు పంపిన పార్సిళ్లన్నీ భద్రంగా అందాయి. ఇదొక్కటీ అమ్మనని మొండికేశారు చూడండి, అందుకే నేనే స్వయంగా రావాల్సొచ్చింది."