పచ్చగోడ

ఆ పొద్దున ఆకాశం మొహం ముడుచుకుని ఉంది. కురవదు, తెరిపీ ఇవ్వదు. అచ్చం మా ఆయనలాగే, అనుకుంది ఆమె.

నర్సరీలో అడుగుపెట్టి గంటయింది. ఒక్క మొక్కా తేలలేదు.

"తొందరగా పెరగాలయ్యా. అవతలి మనిషి నీడ కూడా కనపడకూడదు," అని రాగానే చెప్పేసింది.

అవతలి మనిషంటే బావగారు. భర్తకు స్వయానా అన్న. ఇల్లు పంచుకున్నప్పుడు నీళ్లతొట్టి ఎవరి వైపు రావాలన్న దగ్గర మాటా మాటా పెరిగింది. అప్పట్నుంచీ అన్నదమ్ములకు మాటల్లేవు. పెళ్లాం పోయిన మనిషి, పొద్దున్నే అటు వాకిట్లో కుర్చీ వేసుకుంటాడు. ఈయన ఇటు వేసుకుంటాడు. ఇద్దరూ చెరో దిక్కు చూస్తూ టీ చల్లార్చుకుంటారు. ఆ బిగుసుకున్న మొహాల మధ్య బట్టలారేసుకోలేక ఆమె ప్రాణం విసిగిపోయింది. అడ్డంగా ఒక కంచె లేస్తే చాలు, తన ఇంట్లో తను ఊపిరి పీల్చుకుంటుంది.

నర్సరీ అతను వెదురు చూపించాడు. "గోడైపోతుందమ్మా. కత్తెరతో పనే లేదు."

"వద్దు," అన్నాడు భర్త.

కాగితంపూలు చూపించాడు. "అన్నీ ముళ్లే సార్. పిల్లి కూడా దగ్గరికి రాదు."

"అస్సలొద్దు."

"పోనీ సరుగుడు? నాటి మర్చిపోవచ్చు."

భర్త మొహం తిప్పుకున్నాడు.

"ఏమండీ, మొక్క కోసం వచ్చారా, పెళ్లిచూపులకొచ్చారా? ఇన్ని వంకలేంటి?" అని ఆమె కసిరింది.

నర్సరీ అతనికీ ఓపిక అయిపోయింది. మూలకి చెయ్యి విసిరాడు. "ఇక మిగిలింది డురంటా. పిచ్చిగా పెరుగుతుంది. కానీ పీడాకారపు మొక్క సార్. వారం వారం కత్తిరించాలి. ఒక వైపే కోస్తే రెండో వైపు వాలిపోతుంది. తర్వాత నన్ను తిట్టుకోవద్దు."

"ఇదే ఇవ్వు."

ఆమె తల పట్టుకుంది.

దానికి తోడు మంచి కత్తెర కూడా కొన్నాడు, ఎర్ర పిడిది. తీరా ఇంటికొచ్చి మొక్కలు దింపాక చూస్తే అది లేదు. దార్లో ఎక్కడో జారిపోయిందన్నాడు. ఆ పూటంతా ఆమె నోరు మూతపడలేదు.

వానలు పడ్డాయి. కంచె నడుం దాటి భుజం దాకా లేచింది. ఈయన పాత తుప్పు కత్తెరతో ఇటు వైపు కీచుకీచుమని కోసేవాడు. అటు వైపు చెయ్యందదు. కంచె కడుపు పెంచుకుని బావగారి వాకిట్లోకి ఒరిగిపోయింది.

"చూస్తూ ఉండండి, ఆయన గొడవకొస్తాడు."

"రానీ."

"మీకేం, కంచంలో తల పెట్టుకుని కూచుంటారు. మాటలు పడేది నేను!"

ఒక ఆదివారం బావగారు రానే వచ్చాడు. "మీ కంచె నా మీదకొస్తోంది," అన్నాడు ఎటో చూస్తూ. నీళ్లతొట్టి గొడవ తర్వాత అదే మొదటి మాట.

"అటు నుంచి కొయ్యాలి," అన్నాడు తమ్ముడు, ఆకులతో చెప్తున్నట్టు.

వంటింట్లో ఆమె గరిటె పక్కన పెట్టింది. ఇప్పుడు అరుపులు మొదలవుతాయి, ఇప్పుడు మొదలవుతాయి అని చెవులు రిక్కించింది. అరుపులు లేవు. ఇటు కీచుకీచు, అటు కచకచ. ఎండ నడినెత్తికొచ్చే దాకా అదే చప్పుడు.

పని అయ్యాక బావగారు ఇటొచ్చాడు. ఆకలి వేళ మనిషిని పొమ్మనడానికి ఆమెకు నోరు రాలేదు. విసురుగా మూడు కంచాలు పెట్టింది. ముగ్గురూ తలలు వంచుకుని తిన్నారు.

మారు వడ్డించడానికి లేచిన ఆమెకు, గుమ్మం పక్కన బావగారు ఆనించిన కత్తెర కనిపించింది: ఎర్ర పిడి, దాని మీద ఇంకా ఊడని నర్సరీ చీటీ.